ఆఖరున నిలిచినవాళ్లు వడ్డించాలి

నాకు పగ తొందరగా రాదు. వచ్చిందంటే మాత్రం ఒక పట్టాన పోదు. మా ఇంట్లోవాళ్లకి ఈ సంగతి తెలుసు కాబట్టి కాస్త చూసుకుని మాట్లాడతారు. ఆఫీసులో ఆయనకి తెలియదు.

ఆయన అంటే, కువైట్‌లో, అహ్మదిలో నేను పనిచేసే కాంట్రాక్టు కంపెనీలో నా సీనియర్. విజయవాడ మనిషి. నేను చేరిన కొత్తలో, "మనవాళ్లం మనమే కదమ్మా, ఈ సార్లూ గీర్లూ ఎందుకు, అన్నయ్యా అను చాలు," అన్నాడు. నేను దానికి గారు కూడా తగిలించి అన్నయ్యగారూ అని పిలిచేదాన్ని. ఆయన భార్యని వదినా అనేదాన్ని. ఫింటాస్‌లో మా ఇళ్లు రెండు వీధుల దూరం. పులిహోర చేస్తే ఒక గిన్నె అటు పోయేది, ఆవకాయ పెడితే ఒక సీసా ఇటు వచ్చేది.

మా ఆఫీసులో ఫాంటసీ రగ్బీ లీగ్ ఒకటి నడుస్తుంది. నడిపేది సేఫ్టీ మేనేజర్, వేల్స్ దేశస్థుడు. దక్షిణాఫ్రికావాళ్లు, ఐర్లండ్‌వాళ్లు, బ్రిటన్‌లో చదువుకొచ్చిన ఒక కువైటీ ఇంజనీరు, వీళ్లతో పాటు మా అన్నయ్యగారు. మొత్తం పదిమంది ఉండాలి. ఆ ఏడాది ఒకాయన ఖతార్‌కి బదిలీ అయి వెళ్లిపోతే తొమ్మిదిమందే మిగిలారు. "మా అమ్మాయిని వేస్తాను, లెక్కకి సరిపోతుంది," అని నా పేరు రాయించింది ఆయనే. నన్ను అడగలేదు. అడగాల్సిన పని ఉందని ఆయనకి తోచలేదు, నిజం చెప్పాలంటే అప్పుడు నాకూ తోచలేదు.

రగ్బీ గురించి అప్పటికి నాకు తెలిసింది ఒక్కటే. బంతి కోలగా ఉంటుంది, దాన్ని పట్టుకున్నవాడి మీద అందరూ పడతారు. మిగతాదంతా వేల్స్ ఆయన ఓపిగ్గా చెప్పాడు. యూరప్ క్లబ్బుల్లో నిజంగా ఆడే ఆటగాళ్లలోంచి మనం ఒక ఉత్తుత్తి జట్టు కట్టుకోవాలి. సెప్టెంబర్‌లో అందరం ఒక గదిలో కూర్చుని వంతులవారీగా ఒక్కొక్కణ్ణి ఎంచుకుంటాం. దాన్నే డ్రాఫ్ట్ అంటారు. ఒకరు తీసుకున్న ఆటగాడు ఇంకొకరికి దొరకడు. అక్కణ్ణుంచి వాళ్లు మైదానంలో చేసే ప్రతి పనికీ మన ఖాతాలో పాయింట్లు పడతాయి. సీజన్ అయిపోయేసరికి ఎవరికి ఎక్కువుంటే వాళ్లు గెలిచినట్టు.

డబ్బు పందెం లేదు. దాని బదులు ఒక ఆచారం ఉంది. మొదట వచ్చినవాళ్లు ఒక శుక్రవారం మధ్యాహ్నం అందరికీ కుటుంబాలతో సహా భోజనం పెట్టాలి. ఆఖరున నిలిచినవాళ్లు ఏప్రన్ కట్టుకుని ప్రతి ఒక్కరికీ తమ చేత్తో వడ్డించాలి. అందరి తిండీ అయ్యాకే తాము కూర్చోవాలి. ఊరటగా వాళ్లకి ఒక హక్కు ఇస్తారు. మరుసటి ఏడాది డ్రాఫ్ట్ ఏ రోజు, ఏ గంటకి పెట్టుకోవాలో వాళ్లే చెబుతారు.

మొదటి ఏడాది డ్రాఫ్ట్‌లో ఆయన నా పక్కనే కూర్చుని, "నేను చూసుకుంటాలేమ్మా," అంటూ నా జట్టు కూడా తనే ఎంచాడు. ఎంచినవాళ్లు మంచివాళ్లే. ఆ మంచివాళ్లు నా దగ్గర ఎన్నాళ్లో ఉండలేదు. వారానికోసారి నా టేబుల్ దగ్గరికి వచ్చి, "ఆ వింగర్ని నాకిచ్చెయ్యమ్మా, వాడికి మోకాలు బాగాలేదు. ఒక్కడికి ముగ్గుర్ని ఇస్తాను," అనేవాడు. ఒకడికి ముగ్గురంటే మనకి లాభమే కదా అనుకుని ఫోన్‌లో లీగ్ యాప్ తెరిచి బటన్ నొక్కేదాన్ని. ఆ ముగ్గురూ బెంచీ దాటి మైదానంలోకి వచ్చిన పాపాన పోలేదు. మోకాలు బాగాలేనివాడు మాత్రం ఆయన జట్టులో చేరగానే పరిగెత్తేవాడు. కాంటీన్‌లో మిగతావాళ్లు నన్ను చూసి ఎందుకు నవ్వుతున్నారో నాకు ఫిబ్రవరి దాకా అర్థం కాలేదు.

ఆయన మొదట వచ్చాడు. నేను ఆఖరున నిలిచాను.

భోజనం ఆయన ఇంట్లోనే పెట్టాడు. బిర్యానీ, రైతా, డబల్ కా మీఠా. నేను ఏప్రన్ కట్టుకుని గరిటె పట్టుకున్నాను. అంతకుముందు ఏడాది ఓడిపోయిన దక్షిణాఫ్రికా ఆయన ఇదే పని చేస్తుంటే ఈలలు వేశారట, ఫొటోలు తీశారట, గరిటె వణికితే చప్పట్లు కొట్టారట. నాకు ఎవరూ ఈల వేయలేదు, ఫొటో తీయలేదు. నేను దగ్గరికి వెళ్లగానే మాటలు ఆపకుండానే ప్లేటు ముందుకి చాపారు, అంతే. ఒక ఆడమనిషి వడ్డిస్తుంటే అది శిక్షలా కూడా కనబడలేదు వాళ్లకి. సరే, అది కూడా మింగాను.

అంతలో దక్షిణాఫ్రికా ఆయన భార్య, కొత్తగా వచ్చినావిడ, నేను మీ చుట్టాలమ్మాయినా అని అన్నయ్యగారిని అడిగింది. ఆయన ఇంగ్లీషులో, అందరికీ వినబడేలా చెప్పాడు. "కాదు కాదు, మా ఆఫీసే. కడప అమ్మాయి. కువైట్‌లో కడప ఆడవాళ్లందరూ చేసే పని ఇదే. రక్తంలో ఉంది, చూడండి, ఒక్క మెతుకు కింద పడదు."

కొంతమంది నవ్వారు. కొంతమంది మర్యాదకి నవ్వారు. వదిన తన ప్లేటులోకి చూసుకుంది. నా చేతిలో రైతా గిన్నె ఉంది. దాన్ని ఆయన నెత్తిన బోర్లించాలన్న కోరిక ఎంత బలంగా కలిగిందంటే, వేళ్లు గిన్నె అంచుకి బిగుసుకుపోయాయి. వరసలో మిగిలినవాళ్లందరికీ వడ్డించాను. ఒక్క మెతుకు కింద పడలేదు.

మా పిన్ని కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తుంది. మా అమ్మ చెల్లెలు. నేను హైస్కూల్లో ఉండగా రాయచోటి దగ్గర మా పల్లె నుంచి వచ్చింది, ఇప్పటికీ అదే ఇంట్లో ఉంది. ఆ ఇంటావిడని మామా అంటుంది, ఇక్కడి అరబ్బు ఇళ్లలో అమ్మగారూ అన్నట్టు. నా ఇంజనీరింగ్ చదువంతా పిన్ని జీతమే. శుక్రవారం మధ్యాహ్నం సెలవు దొరికితే మా ఇంటికి వస్తుంది. సోఫా ఉన్నా నేల మీద కూర్చుని కాళ్లు చాపుకుని టీవీ చూస్తుంది, సాయంత్రం వెళ్లిపోతుంది. ఆ ఇంటి గురించి నేను ఏదైనా అడిగితే, "బాగుండారు," అంటుంది. అంతకుమించి ఒక్క మాట కూడా నాకు ఎప్పుడూ దొరకలేదు.

కడప నుంచి వచ్చి ఇంటిపని చేయడం తప్పని నేను అనుకోను. ఆయన ఆ మాటని నవ్వడానికి వాడుకున్నాడు. మా పిన్ని చేతుల్ని పళ్లెంలో పెట్టి పదిమందికీ పంచినట్టు నాకనిపించింది. ఆ మధ్యాహ్నం ఏప్రన్ విప్పి మడతపెడుతూ ఒక్కటే అనుకున్నాను. ఈ మనిషి ఇదే ఏప్రన్ కట్టుకుని, ఇదే జనం ముందు, మా పిన్నికి తన చేత్తో వడ్డించాలి. నేను గెలవడం తర్వాతి సంగతి, ముందు ఆయన ఓడిపోవాలి.

ఆ ఎండాకాలం నేను రగ్బీ చదివాను. బయట అడుగుపెట్టలేని వేడి, ఇంట్లో ఏసీ, టీవీలో పాత మ్యాచ్‌లు. మా ఆయన మిర్కాబ్‌లో ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పుతూ, "మళ్లీ ఈ కుస్తీలేనా? అన్నం పెట్టేది ఉందా లేదా?" అనేవాడు. "కుక్కర్‌లో ఉంది," అనేదాన్ని, తల తిప్పకుండా.

మొదట్లో నాకూ కళ్లు వింగర్ల మీదే ఉండేవి. వాళ్లే అంచున పరిగెత్తి స్కోరు చేస్తారు, జనం లేచి నిలబడతారు. మెల్లగా నాకు నా ఉద్యోగమే గుర్తొచ్చింది. నేను ప్లానింగ్ ఇంజనీర్‌ని. రిఫైనరీలో ఒక యూనిట్ ఆపి మరమ్మతు చేసేటప్పుడు ఏ పని తర్వాత ఏ పని, ఎవరు ఏ వారం ఉంటారు, ఎవరు సెలవులో పోతారు అని ముందే గీసి పెట్టేది నేనే. ఎంత గొప్ప వెల్డరైనా సెలవులో ఉంటే నా చార్టులో సున్నా. ఇక్కడా అంతే. పెద్ద పేరున్న ఆటగాళ్లని చలికాలంలో దేశాల జట్లు లాగేసుకుంటాయి. క్లబ్బు మ్యాచ్‌లు జరుగుతూనే ఉంటాయి, వాళ్లు మాత్రం ఉండరు. దేశం పిలవనివాడు, దెబ్బలు తినకుండా వారం వారం మైదానంలోకి దిగేవాడు, వాడే నాకు కావాలి. స్కోరు చేయకపోయినా మ్యాచ్ పొడుగునా అవతలివాళ్లని పట్టి పడేసే ఫ్లాంకర్లకి పాయింట్లు చల్లగా వచ్చి పడుతుంటాయి. ఇంకొకటి కూడా చూశాను. వింగర్లు బోలెడుమంది. హుకర్లు తక్కువ. ముందు వరసలో నడుమ నిలబడి, పక్క గీత దగ్గర బంతిని లోపలికి విసిరేవాడు హుకర్. ప్రతి జట్టులో ఒకడు ఉండి తీరాలి. లేకపోతే ఆ గడి ఖాళీ, ఆ వారం అక్కడ సున్నా.

ఇదంతా నా జట్టుకి సరిపోతుంది. ఆయన్ని పడగొట్టడానికి వేరే దారి కావాలి. ఆ దారి ఆయన క్యాబిన్ గోడకే వేలాడుతోంది.

ఊరి నుంచి తెప్పించుకున్న తెలుగు క్యాలెండర్ అది. ఆయన రాహుకాలంలో సంతకం పెట్టడు, కొత్త పని మొదలుపెట్టడు, ఎవరికీ అవునని చెప్పడు. తెల్లవాళ్లు కాగితాలు పట్టుకొచ్చి తలుపు దగ్గర నిలబడితే, "కాల్‌లో ఉన్నాను," అని చెయ్యి ఊపుతాడు. చెవి దగ్గర ఫోన్ ఉంటుంది, అవతల ఎవరూ ఉండరు. నేను కొత్త కారు తెచ్చుకునే రోజు షోరూమ్‌కి ఫోన్ చేసి మరీ, "ఇప్పుడు తాళాలు తీసుకోకమ్మా, ఆరు దాటనీ," అని ఆపించాడు. ఆ ఆఫీసు మొత్తంలో ఈ సంగతి తెలిసింది నాకొక్కదానికే. ఇంకెవరికి తెలిసినా అర్థం కాదు.

ఆగస్టు చివర్లో వేల్స్ ఆయన వాట్సాప్ గ్రూపులో అడిగాడు, డ్రాఫ్ట్ ఎప్పుడని. నేను రాహుకాలం చూసుకుని మరీ రాశాను, ఆదివారం, నాలుగున్నరకి, ఆఫీసు కాన్ఫరెన్స్ రూమ్‌లో. అందరూ బొటనవేళ్లు పెట్టారు. ఇక్కడ ఆదివారం పనిరోజే, ఆఫీసు అయిపోగానే కూర్చోవచ్చు, మళ్లీ రానక్కర్లేదు, ఎవరికి చేదు? ఆయన దగ్గర్నుంచి మాత్రం ఏదో టైప్ చేస్తున్నట్టు చుక్కలు కనబడ్డాయి, పోయాయి, మళ్లీ కనబడ్డాయి. చివరికి ఆరుంపావుకి పెట్టుకోవచ్చా అని రాశాడు. హక్కు ఆమెది అని వేల్స్ ఆయన జవాబిచ్చాడు.

కాసేపటికి నాకు ఫోన్ చేశాడు.

"ఏంటమ్మా, ఆదివారం నాలుగున్నరా? చూసుకునే పెట్టావా?"

"ఏం అన్నయ్యగారూ, మీకేమైనా మీటింగుందా?"

"మీటింగని కాదు..."

"మరి?"

గ్రూపులో చెప్పలేడు, చెబితే ఆ తెల్లవాళ్లు జన్మంతా ఏడిపిస్తారు. నాకు చెప్పొచ్చు, చెబితే బతిమాలినట్టు అవుతుంది. "ఏం లేదులేమ్మా," అని పెట్టేశాడు. నేను ఫోన్ సోఫా మీదకి విసిరి వంటింట్లోకి వెళ్లి గట్టిగా నవ్వాను.

ఆయన తెలివిగలవాడే. ముందే మొదలుపెట్టిన పనికి దోషం లేదనుకున్నాడు కాబోలు, డ్రాఫ్ట్ రోజున అందరికన్నా ముందే వచ్చాడు. రాహుకాలం రాకముందే తనకి కావాల్సిన ఆటగాళ్లని లాప్‌టాప్‌లో వరసగా పేర్చాడు. వంతు వచ్చినప్పుడల్లా యాప్ ఆ వరసలోంచి ఒకణ్ణి తనంతట తానే తీసుకుంటుంది. గోడగడియారం నాలుగున్నర చూపించేసరికి చేతులు కట్టుకుని వెనక్కి వాలి కూర్చున్నాడు. ఏదో గాఢమైన ధ్యానంలో ఉన్నట్టు ముఖం.

నా మొదటి వంతు వచ్చింది. ఉన్నమాట చెబుతాను, నాకూ లోపల బెదురే. మా అమ్మ ఆ వేళలో గడప దాటనిచ్చేది కాదు. వేలు బటన్ మీద పెట్టి, రాహువు ఇవాళ ఎవరి పక్షమో తేలిపోనీ అనుకుని నొక్కాను. నేను తీసుకున్నది ఒక హుకర్ని. ఎర్రగడ్డంవాడు, ఏ దేశమూ ఇంతవరకూ పిలవనివాడు. మొదటి వంతులో హుకర్ ఏంటని అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఆ గదిలో ఆయన హాయిగా నవ్వింది అదొక్కసారే.

ఆయన వరసలో ఉన్నవాళ్లంతా పెద్దపెద్ద పేర్లు. ఆ పేర్లు అందరికీ కావాలి. ఆయన వంతు తిరిగి వచ్చేలోపల ఇద్దరు ముగ్గురు ఎగిరిపోయేవారు. వరస చూస్తుండగానే కరిగిపోయింది. ఇక యాప్ తన సొంత బుద్ధితో, పోయిన ఏడాది పాయింట్లు చూసి ఎంచడం మొదలుపెట్టింది. ఒక ఫుల్‌బ్యాక్‌ని తీసుకుంది. ఇంకో ఫుల్‌బ్యాక్‌ని తీసుకుంది. జట్టులో ఆడేది ఒక్క ఫుల్‌బ్యాకే. మూడోవాణ్ణి కూడా తీసుకున్నప్పుడు ఐర్లండ్ ఆయన బల్ల చరిచాడు. "ఏంటి మీ వ్యూహం?" అని వేల్స్ ఆయన అడిగితే, ఆయన గోడగడియారం వైపు చూశాడు. ఒక్క బటన్ నొక్కితే చాలు, తనే ఎంచుకోవచ్చు. చేతులు చంకల్లోంచి బయటికి రాలేదు. నుదుటి మీద చెమట, అంత ఏసీలో. బల్లకి ఇవతల నుంచి నేను ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. ఆయనా నన్ను చూశాడు. నాకు తెలుసని ఆయనకి తెలిసిపోయింది.

ఆరు దాటిన మరుక్షణం లాప్‌టాప్ మీద పడ్డాడు. అప్పటికి మిగిలింది గాదె అడుగున ఊడ్చుకునే గింజలు.

సీజన్ మొదలైన రెండో వారంలోనే ఆయనకి ఉన్న ఒక్క హుకర్ భుజం జారింది. యాప్ ఎంచిపెట్టినవాడు, వయసైపోయినవాడు. ఎవరి జట్టులోనూ లేని ఆటగాళ్లు ఒక ఉమ్మడి కుప్పలో ఉంటారు, అందులోంచి ఎవరైనా తెచ్చుకోవచ్చు. ఆయన అక్కడికి వెళ్లి చూసేసరికి క్రమం తప్పకుండా ఆడే హుకర్లు ఒక్కరూ లేరు. వాళ్లని నేను నా బెంచీ మీద కూర్చోబెట్టుకున్నాను. నాకు వాళ్లతో పని లేదు. ఆయనకి దొరక్కూడదు, అంతే.

మూడు వారాలు ఆయన గడి ఖాళీగా పోయింది. తర్వాత నా టేబుల్ దగ్గరికి వచ్చాడు, చేతిలో రెండు టీ కప్పులతో. నాకు టీ తేవడం అదే మొదలు.

"అమ్మా, ఒక్క హుకర్ని ఇవ్వవా? నీ దగ్గర ఊరికే కూర్చున్నారు కదా."

"ఒక్కడెందుకు అన్నయ్యగారూ, ముగ్గుర్ని ఇస్తాను. ఒక్కడికి ముగ్గురు. మీ గోల్ కిక్కర్ని నాకివ్వండి."

గోల్ కిక్కర్ అంటే పెనాల్టీలు తన్నేవాడు, ఆయన జట్టులో పాయింట్లు తెచ్చేది వాడొక్కడే. ఆయన ముఖంలో రంగు మారింది. ఆ మాట ఎవరిదో, ఎక్కడ నేర్చుకున్నానో ఆయనకి తెలుసు. మోసమని తెలిసీ ఒప్పుకోవాల్సిన పరిస్థితి ఎంత చేదుగా ఉంటుందో చూడాలని నాకు కోరిక, చూశాను. రెండు రోజులు ఆలోచించి బటన్ నొక్కాడు. ఆ ముగ్గురిలో ఒకణ్ణి చలికాలంలో దేశం పిలిచింది. ఒకడు ఎవణ్ణో తలకిందులుగా ఎత్తి పడేసి నిషేధంలో పడ్డాడు. మూడోవాడు మాత్రం పాపం ఆడాడు. ఆయన తెచ్చిన టీ మాత్రం నేను ఆ రోజే చివరి చుక్క దాకా తాగాను.

మే నెల వచ్చేసరికి నేను మొదటి స్థానంలో ఉన్నాను. వెనకాలే ఐర్లండ్ ఆయన తరుముకొస్తున్నాడు. ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. అన్నయ్యగారు ఆఖరున లేడు. కువైటీ ఇంజనీరు పెళ్లి హడావిడిలో పడి సగం వారాలు జట్టే పెట్టలేదు, అతను పదో స్థానంలో ఉన్నాడు. అన్నయ్యగారు అతనికన్నా కొంచెం పైన. మిగిలింది ఒక్క వారం. నేను గెలుస్తాను, కువైటీ వడ్డిస్తాడు, ఆయన కాలు మీద కాలేసుకుని తింటాడు. ఏడాదంతా పడ్డ కష్టం దీనికా?

మా లీగ్‌లో ఇంకో నియమం ఉంది. ఎవరైనా ఒక ఆటగాణ్ణి వదిలేస్తే, వాణ్ణి తీసుకునే మొదటి అవకాశం అట్టడుగున ఉన్నవాళ్లది. నేను ఆ వారం నా మంచి వింగర్ని వదిలేశాను. ఆ సీజన్‌లో నాకు బంగారం పండించినవాడు. మా ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "నీకేమైనా పిచ్చి పట్టిందా? ఐర్లండ్ ఆయన దాటిపోతే?" అన్నాడు. "దాటితే దాటనీ," అన్నాను. వడ్డన ఎవరు చేస్తారన్నదే నాకు ముఖ్యం. నియమాల్లో తప్పు లేదు, ఎవరికీ ఫోన్ చేయలేదు, ఎవరితోనూ కూడబలుక్కోలేదు. వదిలేశాను, అంతే. కువైటీ ఇంజనీరు వాణ్ణి తీసుకున్నాడు.

శనివారం సాయంత్రం ఆ మ్యాచ్ చూస్తూ నేను కూర్చోలేకపోయాను. నా చేతిలోంచి పోయినవాడు అంచున పరిగెత్తి స్కోరు చేస్తే ఎగిరి గంతేశాను. రెండోసారి చేశాడు. మా ఆయన చేతులెత్తి దణ్ణం పెట్టి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. ఆదివారం ఆఖరి మ్యాచ్ అయ్యాక పట్టిక వచ్చింది. నేను మొదట, ఐర్లండ్ ఆయన మీద బొటాబొటిగా. కువైటీ తొమ్మిదిలో. అన్నయ్యగారు పదిలో. కడుపులో చల్లటి మజ్జిగ పోసినట్టుంది.

భోజనం మా బిల్డింగ్ కింద పార్టీ హాల్లో పెట్టాను. రాగి సంగటి, నాటుకోడి పులుసు, వేరుశనక్కాయ చట్నీ, ఓళిగలు. కడప మెస్ నడిపే ఆయనకి చెప్పి చేయించాను. పిన్నికి వారం ముందే చెప్పాను, శుక్రవారం తప్పకుండా రావాలని. ముదురు ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. హాల్లో అంతమందిని చూసి వంటింటి వైపు నడవబోతే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నా పక్క కుర్చీలో కూర్చోబెట్టాను. అంచున కూర్చుంది.

"ఏందే పాపా ఇదంతా?"

"ఆట పిన్నీ. ఓడిపోయినాయన ఈ పొద్దు అందరికీ వడ్డించల్ల."

అన్నయ్యగారు ఏప్రన్ కట్టుకుంటూ ఉన్నాడు. ఈలలు వేశారు, ఫొటోలు తీశారు. వదిన లేచి, "ఆయనకి చేతకాదు, నేను వేస్తాను," అంటూ గరిటె అందుకోబోయింది. "వదినా, మీరు కూర్చోండి," అన్నాను. వేల్స్ ఆయన కూడా నియమం నియమమే అన్నాడు. ఆవిడ కూర్చుంది. కూర్చున్నాక ముఖం అంత బాధగా ఏమీ లేదు.

దక్షిణాఫ్రికా ఆయన భార్యతో సహా అందరికీ వినబడేలా ఇంగ్లీషులో చెప్పాను. ఈమె మా పిన్ని, కడప వైపు మనిషి, కువైట్‌లో ఇంటిపని చేస్తుంది, నన్ను ఇంజనీరుని చేసింది ఈమే. ఇవాళ మొదటి వడ్డన ఈమెకి. ఈ మాటలు ఏడాది పాటు నోట్లో నానబెట్టుకున్నవి. ఆయన గరిటె పట్టుకుని నా వైపు చూశాడు. ఇంగ్లీషులో ఆయన అన్న మాట నేను మర్చిపోలేదని ఆయనకి ఇప్పుడు తెలిసింది. "రండి అన్నయ్యగారూ," అన్నాను.

పిన్ని నా చెవి దగ్గరికి వంగింది. "అంటే ఈ పొద్దుకి ఆయప్ప పనిమనిషా?"

"ఔ పిన్నీ."

పిన్ని కుర్చీ అంచు నుంచి వెనక్కి జరిగి, వీపు ఆనించి కూర్చుంది.

ఆయన సంగటి ముద్ద వేశాడు. పిన్ని ఆయన ముఖం వైపు చూడలేదు. ప్లేటు అంచు మీద వేలితో తట్టి, "ఇక్కడ కాదు, ఆ పక్కకి," అంది. ఆయన వేళ్లు కాలుతుండగా ముద్ద జరిపాడు. పులుసు పోశాడు. ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని, "ఉప్పు," అంది. తెచ్చాడు. "నీళ్లు." తెచ్చాడు. "ఐసు ఎందుకేసినావు? వద్దు." గ్లాసు తీసుకెళ్లి మార్చి తెచ్చాడు. "ఉల్లిగడ్డ సన్నగా తరగల్ల. ఇంత లావా?" నాకు నవ్వు ఆగలేదు. ఆ గొంతు మా పిన్నిది కాదు. ఆమె నోట ఎప్పుడూ వినని గొంతు అది, తాపీగా, ఎక్కడా హెచ్చకుండా.

మిగతావాళ్లు ప్లేట్లు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఆయన వాళ్ల వైపు తిరగబోయినప్పుడల్లా పిన్ని వేలు ప్లేటు అంచున తట్టేది, ఆయన వెనక్కి వచ్చేవాడు. తర్వాత బల్ల మీదున్న స్పూన్‌ని మోచేత్తో మెల్లగా కిందికి నెట్టింది. పిన్ని స్పూన్‌తో తినదు. "పడింది," అంది, తల దించకుండానే. ఆయన వంగి బల్ల కింద దూరి తీసిచ్చాడు. ఇచ్చిన స్పూన్‌ని పక్కన పెట్టింది. కొంచెం సేపయ్యాక మళ్లీ నెట్టింది.

నా నవ్వు అక్కడ ఆగింది. అన్నయ్యగారు రెండోసారి వంగినప్పుడు పిన్ని ముఖం చూశాను. కోపం లేదు, సరదా లేదు. రోజూ ఆ ఇంట్లో చూసే ముఖాన్ని తెచ్చి పెట్టుకుంది. నాది ఒక ఏడాది పగ, ఒక మాట కోసం. ఆమెది ఎన్నాళ్లదో, ఎన్ని స్పూన్లదో నాకు ఎవరూ చెప్పలేదు. "బాగుండారు," అన్న మాట వెనకాల ఇదంతా ఉందన్నమాట. అయినా ఆపమని అనలేదు. ఆపాలని లేదు నాకు.

చివరికి చెయ్యి ప్లేటులోనే విదిలించి, "ఖలాస్. తీసుకోనిపో," అంది. ఆయన ఆ ప్లేటుని రెండు చేతులతో ఎత్తి, "సరేనమ్మా," అన్నాడు.

సాయంత్రం పిన్నిని కారులో దింపడానికి వెళ్లాను. ఇంకో మలుపులో ఆ ఇల్లు వస్తుందనగా పిన్ని ఫోన్ మోగింది. "యల్లా మామా, యల్లా, వచ్చేస్తాండా," అంది, సీటులోనే సగం లేచి. గేటు ముందు కారు ఆపేసరికి చీర కొంగు బొడ్లో దోపేసుకుంది. దిగి రెండడుగులు వేసి వెనక్కి వచ్చి, కిటికీలో తల పెట్టింది.

"పాపా, వచ్చే యేడు గూడా వాడే ఓడిపోవల్ల. ఏం జేస్తావో జెయ్."

"అట్లనే పిన్నీ," అన్నాను. లోపల్నుంచి మామా మళ్లీ పిలిచింది. పిన్ని పరిగెత్తింది.